దూది కూరిన శిల్పము



శిల్పమనగానే మన మనస్సున మెదలునది శిల. ఉలిదెబ్బల కోర్చి, కాలమున కెదురొడ్డి నిలుచు కఠినద్రవ్యము. అట్టిచో గుడ్డ కుట్టి దూది కూరిన బొమ్మను శిల్పమనుట కొందరికి పరిహాసముగా తోపవచ్చును. నిజమునకు ఆ పరిహాసము శిల్పులే ఆరంభించిరి. 1962లో న్యూయార్కు నగరమున గ్రీన్ గ్యాలరీయందు శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ ఏడడుగుల వెడల్పుగల హాంబర్గరును, అంతకంటె పొడవైన కేకుముక్కను నేలమీదనే ఉంచి ప్రదర్శించెను. అవి కాన్వాసు గుడ్డను సంచులుగా కుట్టి, నురుగురబ్బరును అట్టపెట్టెలను కూరి, పైని రంగు పూసినవి. 1967లో టొరాంటో చిత్రశాల ఆ హాంబర్గరును కొన్నప్పుడు, విద్యార్థులు కొందరు పెద్ద కెచప్ సీసా నొకదానిని తామే చేసి తెచ్చి నిరసన తెలిపిరి. బొమ్మను నిరసించుటకు మరియొక బొమ్మ చేయవలసివచ్చెనన్నచో, మొదటిది గెలిచినట్లే కదా!

రాతిని చెక్కువాడు తీసివేయుచు పోవును. మట్టిని మలచువాడు చేర్చుచు పోవును. కుట్టుపనివాని మార్గము వేరు. చదునైన గుడ్డపై ఆకారము గీసి, కత్తిరించి, మంచివైపులు లోపలికి వచ్చునట్లు అంచులు కలిపి కుట్టి, చిన్న సందు విడిచి, ఆ సందుగుండ అంతయు తిరగదీసి, దూది కూరి, కడపట ఆ సందును చేతికుట్టుతో మూయవలెను. గుండ్రదనము దూదివలన కలుగునని మనమనుకొందుము గాని, అది కత్తెరలోనే నిర్ణయమగును. ముక్క అంచు వంపునుబట్టియే బొమ్మ బుగ్గ ఉబ్బును. ఆపైని మిగిలిన పని భూమ్యాకర్షణది. 1966లో ఓల్డెన్‌బర్గ్ చేసిన మెత్తని మరుగుదొడ్డి వినైలుతో కుట్టినది. అందు కూరినది కపోక్, అనగా మన తెల్లబూరుగు దూది. పింగాణీ బిగువంతయు విడిచి, ఎండకు సొమ్మసిల్లినదానివలె అది వ్రేలాడును. మన పరుపులలోను దిండ్లలోను తరతరములుగా నలిగిన దూదికి అంతటి సభామర్యాద లభించునని ఎవరనుకొనిరి?

ఓల్డెన్‌బర్గ్ తొలి బొమ్మలను కుట్టినది ఆయన నాటి భార్య పాటీ ముచా; ప్రసిద్ధి మాత్రము ఆయనది. ఈ కళయందు నన్ను కలతపెట్టు ప్రశ్న ఇదియే. 1987లో మైక్ కెల్లీ అను కళాకారుడు, పాతసామానుల దుకాణములలో దొరకిన చేతికుట్టు బొమ్మలను, అల్లిక దుప్పట్లను ఒక కాన్వాసుపై కిక్కిరియ చేర్చి, ఎన్నటికిని తిరిగి చెల్లింపలేనన్ని ప్రేమగడియలు అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఏ తల్లియో, ఏ అవ్వయో కన్నులు చిట్లించుకొని కుట్టిన బొమ్మలవి. బిడ్డకు కానుకగా అందినవి, బిడ్డ తలపై ఋణముగా నిలిచినవి, తుదకు చిల్లరధరకు అంగడి కెక్కినవి. ముద్దొచ్చుట ఈ కళకు గండమని నేననుకొందును. కెల్లీ ఆ ముద్దునే సాక్షిగా బోనెక్కించెను.

కుట్టుపని కథలో మరియొక శిల్పి లూయీజ్ బూర్జువా. ఆమె తలిదండ్రులు పాత చిత్రకంబళ్లను బాగుచేయు కార్ఖానా నడిపినవారు. ఎనుబదియేండ్లు దాటిన పిదప ఆమె తన దుస్తులనే, ఇంటి గుడ్డలనే కత్తిరించి తలలు, మొండెములు కుట్టెను. చిరుగు కానరాకుండ కలుపుటయే ఆ కార్ఖానా విద్య. ఆమె కుట్టిన ముఖములపై మాత్రము కుట్లు మొరటుగా, మానిన గాయపు మచ్చలవలె, బయటికే కనబడును.