‘పడదు’ అను మాట వెనుక
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



సాహిత్యము చదివి, ఫైళ్ల నడుమ కాలము గడుపుచున్న నేను వైద్యశాస్త్ర విషయమును గూర్చి మాటలాడుట సాహసమే. అయినను మా యింటికి వచ్చిన ఒక కాగితము నన్ను ఇందుకు పురికొల్పినది. మా అబ్బాయికి ఉదయము లేచినది మొదలు తుమ్ములు, ముక్కు కారుట. రక్తపరీక్ష చేయించితిమి. నివేదికలో ఇంటి ధూళితోపాటు రొయ్యలు, పీతలు, మరి రెండు మూడు ఆహారపదార్థముల పేర్లు కనబడెను. నేను వెంటనే, ఉత్తర్వు జారీచేసినట్లు, అన్నిటిని వంటయింటినుండి బహిష్కరించితిని. వాడు అమ్మమ్మగారి యింట రొయ్యల యిగురు లొట్టలు వేయుచు తిన్నవాడే. ఒక్కనాడైనను దద్దురు లేవలేదు. “తిన్నప్పుడు రాని జబ్బు కాగితంలో ఎలా వచ్చిందండీ?” అని మా ఆవిడ అడిగినది. ఆ ప్రశ్నకు నాకు జవాబు తోచలేదు. దానికై వెదకి చదివినదే నేటి నా ప్రసంగము.

మన భాషలో ‘పడదు’ అను చక్కని మాట కలదు. “నాకు వంకాయ పడదు” అందుము. వైద్యులు వాడు ‘అలర్జీ’ అను పదమును 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యుస్ట్నర్ అను ఇరువురు వైద్యులు ఒక ప్రయోగము చేసిరి. క్యుస్ట్నరుకు చేప పడదు. ఆయన రక్తరసమును ప్రౌస్నిట్జ్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అచ్చోటనే చేపసారమును ఎక్కించుకొనగా దద్దురు లేచెను. పడకపోవుట రక్తములోని ఒక పదార్థము వలన కలుగుచున్నదని అట్లు తేలినది. ఆ పదార్థమును 1966లో, అమెరికాలో పనిచేయుచుండిన జపాను శాస్త్రజ్ఞ దంపతులు ఇషిజాకాలు గుర్తించిరి. నేడు ఐ.జి.ఇ. అని పిలువబడు ప్రతిరక్షకము అదియే.

ప్రతిరక్షకము, అనగా యాంటీబాడీ, పరాయి వస్తువులను పట్టుకొనుటకు శరీరము తయారుచేసికొను ఒక ప్రోటీను. తాళమునకు చెవి వలె ఒక్కొక్క ప్రతిరక్షకమునకు ఒక్కొక్క వస్తువే సరిపడునని చిరకాలము తలచిరి. వస్తువుల నడుమ పోలిక యున్నచో పొరపాటు సహజమే. రొయ్య, పీత, బొద్దింక, ఇంటి ధూళిలో కంటికి కానరాని మైటు అను పురుగు – వీని కండరములలో ట్రోపోమయోసిన్ అను ప్రోటీను ఇంచుమించు ఒకే తీరున ఉండును. మైటుకై పుట్టిన ప్రతిరక్షకము రొయ్యను సైతము పట్టుకొనవచ్చును. మా కాగితములోనికి రొయ్య ఈ త్రోవనే వచ్చియుండవచ్చును.

మరి పోలికయే లేని వస్తువుల మాట ఏమి? దీనికి ఉత్తరముగా 2003లో లియో జేమ్స్, పియెత్రో రోవెర్సీ, డాన్ తౌఫిక్ అను మువ్వురు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించిరి. వారు పరీక్షించినది చిట్టెలుకనుండి వచ్చిన ఎస్.పి.ఇ.7 అను ఐ.జి.ఇ. అది డైనైట్రోఫినైల్ అను చిన్న రసాయనమునకై పుట్టినది. అట్టిది అలిజరిన్ రెడ్ అను రంగును కూడ పట్టుకొనెను. ఆ రంగునకు మూలమైన అలిజరిన్ మనకు క్రొత్తది కాదు. బందరు అద్దకములకు ఎఱ్ఱదనమునిచ్చిన చిరివేరులో ఉన్నది అదియే. అంతకు మించిన వింత, వీనితో ఎట్టి సామ్యమును లేని ఒక పెద్ద ప్రోటీనును కూడ అది పట్టుకొనెను.

దానిని స్ఫటికములుగా చేసి ఎక్స్‌కిరణములతో చూడగా రహస్యము బయటపడెను. ఆ ప్రతిరక్షకము ఏ వస్తువును పట్టక ఒంటరిగా ఉన్నప్పుడే రెండు రూపముల నడుమ మారుచుండును. ఒక రూపము చిన్న రసాయనములను మొదట వదులుగా పట్టుకొనును. పిదప సర్దుకొని, లోతైన ఇరుకు గుంటయై, గట్టిగా బిగియును. రెండవ రూపమున పట్టు వెడల్పై, లోతులేక ఉండును. ప్రోటీను అతుకునది అందులకే. మన తాతల పైపంచను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఎండలో తలపాగా, పొలములో నడుముకట్టు, సంతలో బియ్యపుమూట. బట్ట ఒకటే, చుట్టిన తీరు వేరు.

ఒకే గొలుసు పెక్కు రూపములుగా మడతపడగలదని 1940లోనే లైనస్ పౌలింగ్ ఊహించెను. పరాయి వస్తువే ప్రతిరక్షకమును మలచునను ఆయన సిద్ధాంతము నిలువలేదు. రూపములు పెక్కు కలవను భాగము మాత్రము ఇట్లు రుజువైనది. శరీరమునకు ఇది పొదుపే. శత్రువులకు లెక్క లేదు. ప్రతిరక్షకములు ఎన్ని యున్నను వానికి మితి కలదు. ఒక్కటి పలువురిని పట్టగలిగిన మేలే. కాని దొంగకై వేసిన వలలో పొరుగువాడును చిక్కవచ్చును. ఇది ప్రయోగశాలలోని ఒక ఎలుక ప్రతిరక్షకము కథ యనియు, మనుష్యుల అలర్జీలన్నియు ఇట్లే కలుగునని చెప్పరాదనియు మరువరాదు.

ఇక అసలు మాట. పట్టుకొనుట వేరు, జబ్బు చేయుట వేరు. ఐ.జి.ఇ. మన చర్మమునందును, శ్వాసమార్గమునందును ఉన్న మాస్ట్ కణములపై నాటుకొని యుండును. ఒక్క ప్రతిరక్షకము వస్తువును పట్టినంత మాత్రమున ఏమియు కాదు. ఒకే వస్తువు ప్రక్కప్రక్కనున్న ప్రతిరక్షకములను జోడించి లాగినప్పుడే కణము హిస్టమిన్‌ను వెలువరించును. తుమ్ము, దద్దురు, ఆయాసము అప్పుడు కలుగును. రక్తపరీక్ష చూపునది ఆ పట్టును మాత్రమే.

ఇది తెలియక మా అబ్బాయిని నాలుగు నెలలు పథ్యముంచితిని. వాడు చిక్కిపోయెను. చివరకు ఒక నిపుణుని కడకు కొనిపోగా ఆయన అడిగిన మొదటి ప్రశ్న మా ఆవిడ ప్రశ్నయే: “తిన్నప్పుడు ఎప్పుడైనా ఏమైనా అయిందా?” అంతయు విచారించిన పిమ్మట ఆహారము మరల పెట్టుమనెను, దుప్పట్లు, దిండు గలీబులు వారమునకొకసారి వేడినీట ఉతికించుమనెను. అయితే తిన్నంతనే నిజముగా పెదవులు వాచి, ఊపిరి ఆడక బాధపడినవారు నా మాట విని సాహసింపరాదు. వారికి అది ప్రాణాపాయము. వైద్యుని యెదుట తేల్చుకొనవలసిన విషయము.

కాగితములు చదువుట నా వృత్తి. ఇరువదేండ్లుగా అదే పని. అయినను నా బిడ్డ కాగితమును నేను తప్పుగా చదివితిని. చదువవలసిన తీరున చదివినది వాని తల్లి. మీ యిండ్లకు అట్టి కాగితము వచ్చినపుడు, దానిలోని పేర్లతోపాటు మీ బిడ్డ కంచము వంకకూడ ఒకసారి చూడుడని విన్నవించుచు సెలవు తీసికొనుచున్నాను.