మన సాక్ష్యం మన వాడలో కనబడాల
(దేవరగట్టు చుట్టుపక్కల పల్లెల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్తాం. జబ్బు నయమైందని, పిల్లోడికి పని దొరికిందని చెప్తాం. మంచిదే. మరి సోమవారం పొద్దున్నించి శనివారం రాత్రి దాకా మనం ఎట్ల బతుకుతున్నాం? ఊరు మన పాట మైకులో వింటుంది, మన నడత కండ్లతో చూస్తుంది. నమ్మేది కండ్లతో చూసిందాన్నే.

మన పెద్దోళ్లకు ఈ సంగతి తెలుసు. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన దారిన వచ్చినోళ్లకు క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఆదివారం పని మానితే వెట్టి ఆగింది. మొక్కం అంటే జాతరలో డప్పు ఆగింది. అందుకే ఊరి పెద్దలకు కోపమొచ్చి మనోళ్లను బావుల కాడికి రానియ్యలేదు. అయినా నిలబడినారు.

గంజి కోసం మతం మారినారని మనల్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని చూపించిన క్లౌ, కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేసినాడు. ఆ తర్వాతనే 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక రాజ్యం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, మనల్ని చేర్చలేదు. ఆంధ్రలో బీసీ-సి అని 1 శాతం ఇచ్చినారు. కాగితం మీద కులం పోయింది, ఊర్లో పోలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో నరికినోళ్లు చూసింది కులాన్నే. ఈ అన్యాయం మీద పోరాడాల్సిందే.

అయితే కులం పోవాలని రాజ్యాన్ని అడిగే మనం మన ఇంట్లోకి కూడా చూసుకోవాల. ప్రభువు బల్ల కాడ ఒకే రొట్టె తింటాం. పెండ్లి సంబంధం అనేసరికి మాల, మాదిగ అని విడిపోతాం. ఇది ఏం సాక్ష్యం?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి మిరపకాయలు తెంపను గుంటూరు దిక్కు సుగ్గికి పోతాం. పిల్లల్ని వెంట తీసుకపోతే బడిలో పేరే మిగుల్తుంది, చదువు మిగలదు. అవ్వ కాడో, సీజనల్ హాస్టల్లోనో వదలాల. సుగ్గికి పోయినోళ్ల పిల్లకు పక్కింటోళ్లు ఇంత ముద్ద పెడితే అదే వాక్యం. బసివిగా విడిచే ఆచారాన్ని 1988 చట్టం నిషేధించింది. అట్ల విడిచిన అక్కను మన విందులో పక్కన కూర్చోబెట్టుకుంటున్నామా? కూలి డబ్బులు మందుకు పోకుండా ఇల్లు చేరుతున్నాయా?

దసరా రాత్రి దేవరగట్టులో మాళమల్లేశ్వర స్వామి ఉత్సవంలో కర్రలు లేస్తాయి, తలలు పగుల్తాయి. అది మన పండగ కాదని తలుపేసుకుంటే ఎట్ల? నెత్తురు కారేవాడు ఏ కులమోడైనా కట్టు కట్టి ఆస్పత్రికి చేర్చాల. బైబిల్లో దెబ్బలు తిన్నోడికి కట్టు కట్టిన సమరయుడు కూడా ఆనాటి పెద్దకులాలు దూరం పెట్టిన మనిషే.

వాడకు పోయినాక మొదటి పని: రెండు పేటలోళ్లు కలిసి కూర్చొని, ఈసారి సుగ్గికి ఏ ఇండ్లు పోతాయో, ఆ పిల్లలు ఎవరింట్లో ఉంటారో రాసుకోండి.

జై భీమ్!