పరిచారకుల దినచర్య



ఇంట నెవరైనను మంచము పట్టినపుడు మనము రోగిని గూర్చి విచారింతుము. వైద్యుని గూర్చియు మందును గూర్చియు విచారింతుము. ప్రక్కన కూర్చుండి రేయింబవళ్ళు సేవచేయు మనిషిని గూర్చి విచారించువారు అరుదు. తైలమర్దనము నా వృత్తి. ఇరువది యేండ్లుగా పక్షవాత రోగులున్న ఇండ్లకు పోవుచున్నాను. రోగితోపాటు రెండవ రోగి తయారగుచుండుట పలుచోట్ల చూచితిని. ఆ రెండవ రోగి భార్యయో, కోడలో, జీతమునకు కుదిరిన ఆయాయో అయి యుండును. నేటి నా మాటలు వారి కొఱకును, ఇంటికి పెద్దలైన మీ కొఱకును.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచార జ్ఞానము, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము ఉండవలెనని విధించినది. నిద్రలేక, నడుము పట్టుకొని బాధపడు మనిషికి నేర్పెక్కడిది? అనురాగ మెంతకాలము నిలుచును? కావున పరిచారకుడు తన దేహమును కాపాడుకొనుట చికిత్సలో భాగమే.

మొదట చేతుల సంగతి. మర్దనము చేయువారికి తఱచుగా చెడునది బొటనవ్రేలి కీలు. ప్రతి నొక్కుడును బొటనవ్రేళ్ళతోనే నొక్కరాదు. అరచేతి మొదలును, ముంజేతిని మార్చి మార్చి వాడవలెను. బలము ఒడలి బరువునుండి రావలెను. చేతులు వ్రేలాడవిడిచి నిలుచున్నపుడు పిడికిలి తగులునంత ఎత్తు గల బల్ల మర్దనమునకు అనువైనది. మన ఇండ్లలోని నులకమంచము పల్లముగా నుండును గనుక, ప్రక్కన పీటపై కూర్చుండియో, దుప్పటి మడతపై మోకాళ్ళూనియో పనిచేయుట మేలు. ఒకరికి ముగించి మఱియొకరికి ఆరంభించుటకు నడుమ వ్రేళ్ళు చాచి ముడిచి, మణికట్లు మెల్లగా త్రిప్పి, మంచినీరు త్రాగవలెను. రాత్రివేళ వ్రేళ్ళకు తిమ్మిరి యెక్కి మెలకువ వచ్చుచున్నచో ఉపేక్షింపక వైద్యునకు చూపించుకొనవలెను.

గోళ్ళు కత్తిరించుకొని, పనికి ముందును పిమ్మటను 20 సెకనులకు తక్కువ కాకుండ సబ్బుతో చేతులు కడుగుకొనుట రోగికిని తనకును రక్ష. మాటిమాటికి కడిగిన చర్మము పగులును. పగిలినచోట క్రిములు ప్రవేశించును. రాత్రి కొంచెము కొబ్బరినూనె రాచుకొన్న చాలును.

ఇక నడుము. రోగిని లేవనెత్తునపుడు నడుము వంచరాదు, మెలిత్రిప్పరాదు. పాదములు ఎడముగా నుంచి, మోకాళ్ళు వంచి, రోగిని తనకు దగ్గఱగా తీసికొని లేవవలెను. రోగి క్రింద మడతదుప్పటి పఱచి, ఇద్దఱు చెఱియొక ప్రక్క పట్టి జరపినచో శ్రమ తగ్గును. బరువైన రోగిని ఒంటరిగా ఎత్తుట పౌరుషము కాదు.

అన్నిటికంటె కఠినమైనది నిద్ర. కదలలేని రోగికి పుండ్లు పడకుండ సుమారు 2 గంటల కొకసారి ప్రక్క మార్చవలెనందురు. ఆ పని రాత్రియంతయు ఒక్కరే చేసినచో వారికి నిద్రయే లేదు. ఫ్లోరెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన రోగిపరిచర్యా గ్రంథమున, తానున్నపుడు జరుగు సేవ తాను లేనపుడును జరుగునట్లు ఏర్పాటు చేయుటయే పరిచారకురాలి ముఖ్యమైన నేర్పని బోధించినది. ఈ ఏర్పాటు మన ఇండ్లలో కోడలి చేతిలో లేదు, పెద్దల చేతిలో నున్నది. రాత్రిని రెండు వంతులు చేసి, ఒక వంతు కొడుకునకు, ఒక వంతు కోడలికి అప్పగింపుడు. రోగిసేవ ఆడవారి పనియే యని తలంచుట మానుడు. వారమున కొక పూటయైన పరిచారకురాలికి సెలవిండు.

మనస్సును గూర్చియు ఒక మాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఉద్యోగములలో తీరని ఒత్తిడివలన గలుగు బడలికకు మూడు గుర్తులు చెప్పినది: సత్తువ ఉడిగిపోవుట, పనిపై విముఖత, పనిలో నేర్పు తగ్గుట. దీనిని వ్యాధిగా గాక వృత్తివలన గలుగు స్థితిగా పేర్కొన్నది. ఇంటిలో జీతము లేని సేవచేయువారియందును నేను ఇట్టివే చూచుచున్నాను. నిన్నటివఱకు ఓర్పుగా నున్న కోడలు నేడు ముసలివానిపై విసుగుకొన్నచో, ఆమెను నిందించుటకు ముందు, ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోయినదో, ఏ వేళకు భోజనము చేసినదో విచారింపుడు. కొందఱికి కన్నీరు కార్చి చెప్పుకొనుటకు ఒక మనిషి కావలెను. చెప్పినది విని, బయటికి పొక్కనీయకుండుట పెద్దఱికము.

రోగి పస్తుండగా తాను తినుట పాపమని తలంచు తల్లులు అనేకులు గలరు. వేళకు తినవలెను, కొంతసేపు వెలుతురులో నడువవలెను. తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని మన సామెత. దానిని దానమిచ్చువాని విషయమున మనము జ్ఞాపకముంచుకొందుము. సేవచేయువారి విషయమున మఱచితిమి. మీ యింట మంచమునందు రోగి యున్నచో, ఈ రాత్రి మేలుకొని యుండువారెవరో, వారిని ఏ గంటకు ఎవరు పంపి పడుకొనబెట్టుదురో ఇప్పుడే నిర్ణయింపుడు.