ఒకే పటం, వేర్వేరు ఆయుష్షులు

గీసిన పటానికీ కట్టిన వస్తువుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో బ్రిటిష్ నౌకాదళపు లీడా తరగతి ఓడలు చూపినంత స్పష్టంగా చూపే ఉదాహరణలు అరుదు కనుక, వాటి ప్రస్తావన యువ ఇంజనీర్లు పట్టాలు స్వీకరిస్తున్న ఈ సభకు తగినదే.

ఇవి ఫ్రిగేట్లు, అంటే ప్రధాన ఫిరంగులన్నీ ఒకే అంతస్తులో బారుతీరి ఉండే, వేగం గల మధ్యతరహా తెరచాప యుద్ధనౌకలు. ఒకే పటం ప్రకారం కట్టిన ఓడల సమూహాన్ని తరగతి అంటారు. ఈ పటానికి మూలం ఫ్రెంచివారిది. జాక్ నోయెల్ సానె రూపొందించిన హెబె అనే ఓడను 1782లో పట్టుకొన్న బ్రిటిష్ వారు, దాని వంపులను కొలిచి తమ పద్ధతికి మలచుకోగా, తొలి ఓడ లీడా 1800లో జలప్రవేశం చేసింది. శత్రువు పనితనాన్ని స్వీకరించడానికి వెనుకాడకపోవడం మెచ్చదగిన గుణం. 1813 జూన్ 1న బోస్టన్ సమీపాన అమెరికన్ల ఓడ చెసపీక్‌ను లొంగదీసిన షానన్ ఈ తరగతిదే. అయితే ఆ గెలుపులో కెప్టెన్ ఫిలిప్ బ్రోక్ ఏళ్ల తరబడి చేయించిన ఫిరంగి సాధనకే పెద్ద పాలు దక్కాలి.

అమెరికాతో యుద్ధవేళ ఓడలు త్వరగా కావలసివచ్చి, ఇదే పటంతో మెత్తని పైన్ కలపతో ఎనిమిది ఫ్రిగేట్లు కట్టారు. అవి పదేళ్లయినా నిలవలేదు. అదే పటం బొంబాయి చేరినప్పుడు కథ మరోలా సాగింది. మొదట పంపిన ప్రతులు జావా అనే ఓడతోపాటు 1812లో అమెరికన్ల దాడిలో పోగా, మళ్లీ ప్రతులు పంపవలసివచ్చింది. పారసీ నిర్మాత జంషెట్జీ బొమంజీ వాడియా ఆధ్వర్యంలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఫ్రిగేటు 1817 అక్టోబరు 12న నీట దిగింది. బ్రిటన్‌లో ఓడలకు మామూలుగా వాడే ఓక్ కలపలోని ఆమ్లం తనలో దిగిన ఇనుప మేకును తినివేస్తుంది. మేకు చుట్టూ కలప నల్లబడి, రంధ్రం వదులై, చివరకు పలకే కదులుతుంది. సహజ తైలం గల టేకులో ఇనుము అలా చెడదు, దానికి చెదలు కూడా సులభంగా పట్టవు.

ట్రింకోమలీ నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటిపైనే ఉంది. వాడియా పేరు చరిత్రకెక్కింది గాని, ఆ దూలాలు చెక్కిన వడ్రంగుల పేర్లు పుస్తకాల్లో అరుదు. నేటి పట్టభద్రులు తాము గీసే ప్రతి పటంతోపాటు వాడిన పదార్థాన్నీ, కట్టినవారి పేర్లనూ నమోదు చేయాలని ఈ వేదిక కోరుతోంది.