అతిథులే పనిచేసే కొండ విడిది

కాలిఫోర్నియాలో డోనర్ కనుమ దగ్గర, దాదాపు 7,000 అడుగుల ఎత్తున, పాత చెక్క విడిది ఒకటుంది. పేరు క్లెయిర్ టాపన్ లాడ్జ్. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ మరికొందరితో కలిసి 1892లో నెలకొల్పిన సియెరా క్లబ్‌ది అది. 1934లో దాన్ని కట్టింది కాంట్రాక్టర్లు కాదు, క్లబ్ సభ్యులే.

అప్పటి చేతిపని అలవాటే అక్కడి కట్టుబాటు అయింది. బస చేసినవాళ్ళు రోజుకో పని అందుకోవాలి. ఒకరు అంట్లు తోముతారు, ఒకరు గదులు ఊడుస్తారు, ఇంకొకరు వంటింట్లో సాయం చేస్తారు. భోజనం పొడవాటి బల్లల దగ్గర, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుని, అచ్చం మన పెళ్ళి బంతిలాగే! మధ్యాహ్నానికి ఎవరి శాండ్‌విచ్ వాళ్ళే పొద్దున్న కట్టుకుని బయలుదేరతారు. పడుకోవడానికి అంతస్తుల మంచాలుంటాయి, పక్కబట్టలు ఎవరివి వాళ్ళవే.

ఆ కనుమలో ఏడాదికి సగటున దాదాపు 30 అడుగుల మంచు కురుస్తుంది. చలికాలంలో కారు కింద ఆపి, సామాను మోసుకుంటూ మంచులో పైకెక్కాలి.

హోటల్ సుఖాలు కోరేవారికి ఇది నచ్చదు. పిల్లలకు మాత్రం ఇంతకన్నా మంచి సెలవు దొరకడం కష్టం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని తెలుగు కుటుంబాలూ, ముందుగా వివరాలు కనుక్కుని, ఒక్కసారి పిల్లలతో వెళ్ళి రండి.