వీసా కోసం యెదురుచూసే యిళ్ళు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



యీ యేడు కూడా మమ్మల్ని చదువుల గురించో, ఉపకార వేతనాల గురించో మాట్లాడమంటారనుకున్నాము. కార్యవర్గం వారు వేరే సంగతి అప్పగించారు. నిఖా అయి, వలీమా భోజనాలు అయి, అబ్బాయి అమెరికా వెళ్ళిపోయి, అమ్మాయి మాత్రం పుట్టింట్లో వీసా కోసం యెదురుచూస్తూ వుండిపోయిన యిళ్ళ సంగతి. యిది నలుగురిలో చెప్పుకునేది కాదని కొందరు పెద్దల అభిప్రాయం. నలుగురిలో చెప్పుకోకపోబట్టే గుసగుసగా చెప్పుకుంటున్నారు. అమ్మాయికి అది మరీ కష్టం.

ముందు అసలు పద్ధతి యేమిటో చెబుతాము. అబ్బాయి అక్కడి పౌరుడైతే భార్య కోసం ఐ-130 అనే దరఖాస్తు పెడతాడు. గ్రీన్‌కార్డు మాత్రమే వున్నవాడూ అదే దరఖాస్తు పెడతాడు గాని, అతని భార్యకు యేటా యిన్ని వీసాలే అనే పరిమితి వుంది, ఆ వరుస వేరు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు యీ తేడా అడిగే పెద్దలు తక్కువ. జీతమెంత అని మాత్రం తప్పకుండా అడుగుతాము! దరఖాస్తు ఆమోదం అయిన తర్వాత ఫీజులు, ఫారాలు, పోలీసు సర్టిఫికెట్టు, డాక్టరు పరీక్ష, ఆఖరికి ఇంటర్వ్యూ. హైదరాబాదులో 2008 నుండి అమెరికా కాన్సులేటు వున్నా, యీ రకం వీసాకు మనవాళ్ళు సాధారణంగా బొంబాయి పోవలసిందే.

యింతవరకూ అందరికీ ఒకటే. చిక్కు ఇంటర్వ్యూ తర్వాత వస్తుంది. కొందరికి అక్కడే ఒక కాగితం చేతిలో పెడతారు. దాని మీద 221(జి) అని వుంటుంది. అది వారి 1952 నాటి వలస చట్టంలోని ఒక సెక్షను. పరిశీలన యింకా పూర్తి కాలేదు, కాబట్టి యీ రోజు వీసా యివ్వలేము అని దాని అర్థం. కాని కంప్యూటరులో చూసుకుంటే మాత్రం ‘రిఫ్యూజ్డ్’ అని కనబడుతుంది. ఆ ఒక్క మాట చూసి అన్నం మానేసిన తల్లులు వున్నారు. అమ్మా, అది ఆఖరి మాట కాదు. అడిగిన కాగితాలు యేడాది లోపల యిస్తే దరఖాస్తు బతికే వుంటుంది. యేడాది దాటనిస్తే మాత్రం మళ్ళీ మొదటి నుండి ఫీజు కట్టుకోవాలి. ఏ కాగితమూ అడగకుండా కేవలం పరిశీలన అని ఆపితే, దానికి గడువు లేదు. ఆరు వారాలు కావచ్చు, రెండేళ్ళు కావచ్చు.

పరిశీలన అంటే యేమిటి? ముఖ్యంగా పేరు, పుట్టిన తేదీ పట్టుకుని వారి జాబితాలతో పోల్చి చూడడం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత యీ తనిఖీలు చాలా పెరిగాయి. యంత్రం ఒకే స్పెల్లింగునే కాక, దగ్గర దగ్గరగా పలికే పేర్లను కూడా పట్టుకుంటుంది. యిప్పుడు మన పేర్లు చూడండి. షేక్, మహమ్మద్, సయ్యద్ అనే మూడు మాటలతో మొదలుకాని యిల్లు మనలో యెన్ని వున్నాయి? ఒకే మనిషికి పదో తరగతి మెమోలో ‘యం.డి.’ అని, ఆధారులో ‘మహ్మద్’ అని, పాస్‌పోర్టులో మరో స్పెల్లింగు. ‘యం.డి.’ అంటే డాక్టరు చదువు అనుకున్నవారు కూడా వున్నారు. పుట్టిన తేదీ కథ మరొకటి. మనలో చాలామందికి ఆ తేదీ బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిందే. జూన్ నెలలో పుట్టినవారు మనలో అంతమంది యెందుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. పేరూ అందరిదీ ఒకటే, తేదీ కూడా దగ్గర దగ్గరే అయినప్పుడు, యెక్కడో యెవరికో సంబంధించిన ఫైలు మన అమ్మాయి మీదకు వస్తుంది. ఆమె కాదని తేల్చేదాకా ఆగాలి. పాస్‌పోర్టులో యింటిపేరు గడి ఖాళీగా వుంటే యింకో తమాషా. వున్న పేరంతా యింటిపేరు గడిలోకి పోయి, అసలు పేరున్న చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. కన్నవాళ్ళు పెట్టిన పేరు అంతా అక్కడే వుండగా!

మన అడవి సరిహద్దు వారికి వూరి పేరు బాధ కూడా వుంది. 2017 నుండి కొందరిని ఒక అదనపు ఫారం అడుగుతున్నారు. గత పదిహేనేళ్ళలో యెక్కడెక్కడ వున్నారు, యెక్కడ పని చేశారు, యే దేశం పోయారు, అన్నీ రాయాలి. కూనవరంలో పుట్టి, కూనవరం దాటని అమ్మాయిని తీసుకోండి. 2014 దాకా ఆమెది ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు కింద ఆ మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు కలిపినప్పుడు తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. భద్రాచలం పట్టణం సంగతీ అంతే. 1959కి ముందు తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2014లో రాష్ట్రం పేరు మారింది, 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం. అమ్మాయి కదలలేదు, జిల్లా కదిలింది. యిది దూరదేశపు ఆఫీసరుకు యెలా తెలుస్తుంది? యిన్ని జిల్లాలు మారిందే, యిన్నిచోట్ల కాపురముందా అని సందేహం రావడం సహజం. అందుకని ఫారంతో పాటు ‘యిల్లు మారలేదు, జిల్లా హద్దులు మారినవి’ అని తేదీలతో ఒక పేజీ విడిగా జతపరచడం మంచిది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు వచ్చిన వరదలో కాగితాలు పోగొట్టుకున్న కుటుంబాలవారు, జనన రికార్డు లేదని సర్టిఫికెట్టు తీసుకుని, స్కూలు రికార్డు, పెద్దల ప్రమాణ పత్రము జతచేయవచ్చు.

ఆలస్యం వూరికే గడవదు. డాక్టరు పరీక్ష మామూలుగా ఆరునెలలకు పాతబడుతుంది, పోలీసు సర్టిఫికెట్టు రెండేళ్ళకు. ఒకటి కొత్తది తెచ్చేలోపు మరొకటి పాతదవుతుంది. ప్రతిసారీ బొంబాయి రైలు, లాడ్జి, ఫీజు.

యిప్పుడు యింట్లో సంగతి. మాకు తెలిసిన ఒక యింట్లో అమ్మాయికి బి.ఎడ్.లో సీటు వచ్చింది. రేపో మాపో పోయే పిల్లకు చదువెందుకని మాన్పించారు. ఆ రేపు రాలేదు. మూడు రంజాన్లు గడిచాయి. ప్రతి వేసవిలో అల్లుడికి పంపాలని ఆవకాయ జాడీ పెట్టడం, వానలు పడేసరికి యింట్లోవాళ్ళే తినేయడం. అబ్బాయి ఫజర్ వేళకు ఫోను చేసేవాడు, అక్కడ అప్పటికి సాయంకాలం. ‘యేమన్నా వచ్చిందా?’ అని అతను, ‘రాలేదు’ అని ఆమె. కొన్నాళ్ళకు యిద్దరూ ఆ మాట అడుక్కోవడం మానుకున్నారు. పెళ్ళిళ్ళకు పోతే ‘యింకా పోలేదా బేటీ?’ అని ఖాలాలు. అబ్బాయికి అక్కడ వేరే సంసారం వుందేమోనని పక్కింటివారు. పిల్ల అడుగు మంచిది కాదేమోనని అత్తగారి వైపు ఒక ముసలమ్మ. ఆ అమ్మాయి పెళ్ళిళ్ళకు పోవడమే మానేసింది. వీసా ఆలస్యానికి అమ్మాయి నడవడికతో గాని, అబ్బాయి నిజాయితీతో గాని సంబంధం లేదని యీ సభలో గట్టిగా చెప్పదలచుకున్నాము. అబ్బాయి మీద నిజంగా అనుమానముంటే పెద్దలు సూటిగా విచారించుకోండి. కాని 221(జి) కాగితాన్ని సాక్ష్యంగా తేవద్దు.

చదువుకుంటే, వుద్యోగం చేస్తే వీసాకు అడ్డమా అని అడిగేవారున్నారు. అడ్డం కాదు. చిరునామా, పాస్‌పోర్టు, బిడ్డ పుట్టడం వంటివి మారినప్పుడు తెలియజేస్తే చాలు. ఆలస్యంలో ఒక చిన్న లాభం కూడా వుంది, నవ్వుకోవడానికి చెబుతున్నాము. అక్కడ అడుగుపెట్టే నాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండితే షరతులు లేని పదేళ్ళ కార్డు వస్తుంది. నిండకపోతే రెండేళ్ళ షరతు కార్డు, 1986 చట్టం ప్రకారం.

ఫైలు లోపల కదిలిస్తామని డబ్బు అడిగే బ్రోకర్లను గుమ్మం ఎక్కనివ్వకండి. న్యాయంగా చేయగలిగినవి కొన్నే. కాన్సులేటుకు వ్రాయడం, అబ్బాయి తన ప్రాంతపు కాంగ్రెసు సభ్యుని ఆఫీసు ద్వారా విచారించడం, మరీ ఆలస్యమైతే అక్కడి కోర్టులో తేల్చమని కేసు వేయడం. కోర్టు కూడా ‘త్వరగా తేల్చండి’ అనగలదు గాని ‘వీసా యివ్వండి’ అనదు. ఫౌజియా దీన్ అనే అమెరికా పౌరురాలు తన ఆఫ్ఘన్ భర్త కోసం పోరాడి 2015లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. సాండ్రా మున్యోజ్ అనే ఆమె భర్త ఎల్ సాల్వడార్ దేశస్థుడు. ఆ కేసులో, భర్తను దేశంలోకి తెచ్చుకోవడం పౌరురాలి ప్రాథమిక హక్కు కాదని 2024 జూన్‌లో తీర్పు వచ్చింది. అక్కడి పౌరులకే అంత కష్టమైనప్పుడు, మన వూరి అమ్మాయి తనను తాను నిందించుకోవడం యెందుకు?

సంబంధం ఖాయమైన రోజే చేయవలసిన పని వుంది. అమ్మాయి పేరు మెమోలో, ఆధారులో, పాస్‌పోర్టులో ఒకే స్పెల్లింగుతో వుందో లేదో చూసుకుని, తేడా వుంటే నిఖాకు ముందే సరిచేయించండి. సియాహనామాలో కూడా అదే స్పెల్లింగు రాయమని ఖాజీ సాహెబును కోరండి, ఉర్దూ ప్రతికి ఆంగ్ల అనువాదం చేయించి పెట్టుకోండి. అబ్బాయి గానీ అమ్మాయి గానీ గల్ఫులో యేడాదికి మించి వుండివుంటే, వీసా అడిగేది యెవరికైతే వారు అక్కడి పోలీసు సర్టిఫికెట్టు కూడా తేవాలి. అది తిరిగివచ్చేముందే తీసుకోవడం తేలిక.

సమయం మించిపోయిందని అధ్యక్షుల వారు చీటీ పంపారు. కాగితాలు చూపించుకోదలచినవారు భోజనాల తర్వాత పక్కగదిలో కూర్చోండి, మేము అక్కడే వుంటాము. అసలు ప్రతులు యివ్వకండి, జిరాక్సులు చాలు.