ఊకలో తయారయ్యే టీకా

 

ఈ సభలో పశువైద్య పట్టా అందుకుంటున్న వారిలో చాలామంది త్వరలోనే ఏదో ఒక బ్రాయిలర్ షెడ్డులో అడుగుపెడతారు. అక్కడ రైతు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "పిల్లలకి హ్యాచరీలోనే కాక్సీ టీకా వేశామన్నారు కంపెనీవాళ్లు. మరి పద్దెనిమిదో రోజుకి రెట్టలో ఈ జిగురేంటండీ డాక్టరుగారూ?" దీనికి జవాబు సీసా మీది లేబుల్‌లో దొరకదు. ఆ ఇద్దరూ నిలబడ్డ వరి ఊకలో వెతకాలి.

కాక్సిడియోసిస్‌కు (రైతు మాటలో కాక్సీ) కారణం ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి. కోళ్లలో చాలాకాలంగా తెలిసిన జాతులు ఏడు. ఒక్కోదానికి పేగులో ఒక్కో చోటు: అసెర్వులినాది పేగు మొదటి భాగమైన డుయోడినం, మాక్సిమాది పేగు మధ్యభాగం, టెనెల్లాది సీకాలు. రెట్టతో బయటపడిన ఊసిస్టు, అంటే పరాన్నజీవి గుడ్డులాంటి దశ, వెంటనే రోగం తేలేదు. ఊకలో తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికొస్తుంది. లోపల రోగం తెచ్చే ఎనిమిది స్పోరోజొయిట్లు సిద్ధమవుతాయి. కోడి దాన్ని మింగితే వారం తిరిగేలోపే పేగు కణాలను పగలగొట్టుకుంటూ కొత్త ఊసిస్టులు వేలల్లో బయటికొస్తాయి. మామూలు క్రిమిసంహారకాలకు ఇవి చావవు.

2020లో వెలువడిన ఒక పరిశోధన ఈ రోగం వల్ల ప్రపంచ కోళ్ల పరిశ్రమకు కలిగే నష్టాన్ని 2016 ధరల్లో ఏడాదికి సుమారు 1,000 కోట్ల పౌండ్లుగా లెక్కగట్టింది. నెత్తురు రెట్ట వేసి చచ్చిన కోడి అందరి కంటా పడుతుంది. మేత తిని బరువు పెరగని కోడి మాత్రం బ్యాచ్ అమ్మాక ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు పట్టిన మేత) లెక్కలోనే బయటపడుతుంది.

మందుల చరిత్ర అందరూ చదివిందే. 1948లో సల్ఫాక్వినాక్సలిన్ మేతలోకి వచ్చింది. 1971లో అమెరికాలో మోనెన్సిన్ వచ్చాక ఆ కోవ మందులైన అయనోఫోర్లదే రాజ్యమైంది. వాడిన ప్రతి మందుకూ పరాన్నజీవి ఎంతో కొంత అలవాటుపడుతూనే వచ్చింది. టీకా మాత్రం అయనోఫోర్ల కంటే ముందుది. అలబామాలోని ఆబర్న్‌లో ఎస్. ఎ. ఎడ్గార్ కృషి ఫలితంగా 1952లోనే కాక్సివాక్ మార్కెట్లోకి వచ్చింది. అందులో ఉన్నవి బతికున్న ఊసిస్టులే, కొద్ది మోతాదులో. తర్వాత 1970లలో టి. కె. జెఫర్స్ ఇంకో దారి చూపాడు. అందరికంటే ముందు బయటపడే ఊసిస్టులనే ఏరి, తరం తర్వాత తరం కోళ్లలో పెంచితే, పేగులో ఒకటి రెండు దశలు తగ్గిపోయి ఆ రకం బలహీనపడుతుంది. రోగనిరోధక శక్తిని పుట్టించే గుణం మాత్రం మిగులుతుంది. ఇంగ్లండులోని హౌటన్ కేంద్రంలో రూపుదిద్దుకున్న టీకా పారాకాక్స్‌కు ఇదే ఆధారం.

బ్రాయిలర్‌కు చిక్కు కాలంతోనే. కోడి బతికేది 35 నుంచి 42 రోజులు. గట్టి నిరోధక శక్తి రావాలంటే పరాన్నజీవి రెండు మూడు చక్రాలు తిరగాలి, అంటే దాదాపు మూడు వారాలు. ఆ మధ్యలో పేగుకు కొద్దిపాటి దెబ్బ తప్పదు. రైతు చూపించిన జిగురు చాలాసార్లు ఆ కొద్దిపాటి దెబ్బే. అది హద్దు దాటిందా లేదా అని తేల్చడమే డాక్టరు పని.

మొదటి చక్రం హ్యాచరీలో మొదలవుతుంది. ట్రేలోని పిల్లల మీద రంగు కలిపిన టీకాను స్ప్రే చేస్తారు. వెలుగు బాగుంటే పిల్లలు ఒకదాని ఈకల మీది చుక్కలను మరొకటి పొడిచి మింగుతాయి. చీకట్లో పెట్టినా, స్ప్రే సమంగా పడకపోయినా కొన్నిటికి మోతాదు అందదు. అవే తర్వాత తోటి పిల్లల రెట్టలోంచి ఒక్కసారిగా భారీ మోతాదు మింగి జబ్బు పడతాయి. రెండో చక్రం, మూడో చక్రం పూర్తిగా ఊకలోనే. ఊక మరీ ఎండితే ఊసిస్టు పక్వానికి రాదు, చక్రం తెగిపోతుంది; నీటి నిపుల్ కారి తడిస్తే అదుపు తప్పుతుంది. దీన్ని చూడ్డానికి యంత్రం అక్కర్లేదు. గుప్పెడు ఊక తీసుకుని గట్టిగా పిండి వదిలితే, మెల్లగా విడిపోవాలి. ముద్దగా నిలబడితే తడి ఎక్కువ, అసలు కలవకుండా రాలిపోతే ఎండిపోయినట్టు.

మేత మిల్లులో జరిగే పొరపాటు ఇంకా ఘోరం. టీకా వేసిన బ్యాచ్‌కు సాలినోమైసిన్ అనే అయనోఫోర్ కలిసిన స్టార్టర్ మేత వెళ్తే, డబ్బు పెట్టి కొన్న ఊసిస్టులను డబ్బు పెట్టి చంపినట్టే.

కొత్త డాక్టరు ఫోటోలు చూసి వాట్సాప్‌లో మందు రాయకూడదు. మూడు నాలుగు కోళ్లను కోసి చూడాలి. డుయోడినం మీద నిచ్చెన మెట్లలా తెల్లని అడ్డగీతలుంటే అసెర్వులినా. మధ్య పేగు ఉబ్బి, నారింజరంగు జిగురు, సూదిమొన పాటి నెత్తురు చుక్కలు కనిపిస్తే మాక్సిమా. 1970లో జాన్సన్, రీడ్ ఇచ్చిన సున్నా నుంచి నాలుగు దాకా పేగు గాయాల స్కోరు ఇప్పటికీ షెడ్డులో పనికొస్తుంది. మాక్సిమాను తేలిగ్గా తీసుకోకూడదు. అది గాయం చేసిన పేగులోకి కారే ప్రోటీన్ల మీదే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విజృంభించి నెక్రోటిక్ ఎంటరైటిస్ అనే పేగు జబ్బు తెస్తుంది.

నార్వే బ్రాయిలర్ పరిశ్రమ 2016 నాటికి మరో అయనోఫోర్ అయిన నరాసిన్‌ను పక్కనపెట్టి టీకా వైపు మళ్లింది. అందరూ మందులు పూర్తిగా మానేయాలని దీనర్థం కాదు. టీకాలోని, మందుకు లొంగే రకాలు షెడ్డులో స్థిరపడితే పాత మందులకు మళ్లీ పదును వస్తుందని ఆర్కన్సాస్‌లో హెచ్. డి. చాప్‌మన్ చేసిన పని చెబుతోంది. ఏడాదిలో కొన్ని బ్యాచ్‌లకు టీకా, కొన్నిటికి మందు అన్న పద్ధతి మన షెడ్లలోనూ పరీక్షించదగ్గది.

ఇంకా చేయాల్సిన పనీ ఉంది. 2021లో లాటా, నగాంబీ, జారియా అని మరో మూడు ఐమీరియా జాతులకు పేర్లు పెట్టారు. ఇప్పుడున్న టీకాలు ఇచ్చే రక్షణను ఇవి తప్పించుకోగలవు. మన జిల్లాల షెడ్లలో ఇవి ఏ మేరకు ఉన్నాయో తేల్చాలంటే ఊరూరా తిరిగి రెట్ట సేకరించాలి, పీసీఆర్ చేయాలి, వచ్చిన ఫలితం రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఈ సభలోని పట్టభద్రుల్లో కొందరైనా ఆ పనికి పూనుకోవాలని కోరిక.